వేతన పరిమితిలో జట్టు పునర్నిర్మాణం: మూడు మార్గాలపై విమర్శ

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు కింది పనులు చేయగలుగుతారు.
- అమెరికన్ ఫుట్‌బాల్‌లో వేతన పరిమితి ఎలా పనిచేస్తుందో వివరించగలుగుతారు.
- ఓడిపోతున్న జట్టును తిరిగి నిలబెట్టే మూడు మార్గాలను ఉదాహరణలతో పోల్చగలుగుతారు.
- ఒక విధానాన్ని దాని ఫలితంతోనే కాకుండా, కార్యకారణ సంబంధంతోనూ, అది మోపే భారంతోనూ తూచగలుగుతారు.

1. పరిచయం

విమర్శ అంటే సాహిత్యానికి సంబంధించిన పని అని మనలో చాలామంది అనుకుంటాం. ఒక సంస్థ తీసుకున్న నిర్ణయాన్ని, అది నడిచిన తీరును కూడా విమర్శకు పెట్టవచ్చు. అందుకు ముందుగా ప్రమాణాలు ఏర్పరచుకోవాలి, ఆ తర్వాత ఆ ప్రమాణాలను అందరికీ ఒకే విధంగా వర్తింపజేయాలి. ఈ పాఠంలో అమెరికాలోని నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. మనకు తెలిసిన ఫుట్‌బాల్‌కూ దీనికీ పేరులో తప్ప పోలిక తక్కువ. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు. బంతి విసిరే బాధ్యత ప్రధానంగా క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాడిది. జట్టులో అందరికంటే ఎక్కువ జీతం సాధారణంగా ఇతడికే ఉంటుంది.

ఈ లీగ్‌లో 32 జట్లున్నాయి. ఏ జట్టయినా ఆటగాళ్ల జీతాలకు ఒక నిర్ణీత మొత్తాన్ని మించి ఖర్చు చేయడానికి వీల్లేదు. డబ్బున్న యజమాని డబ్బుతో గెలవలేడు. అలాంటప్పుడు వరుసగా ఓడిపోతున్న జట్టు ఏం చేయాలి? ఈ ప్రశ్నకు గత పదిహేనేళ్లలో వేర్వేరు జట్లు వేర్వేరు సమాధానాలు ఇచ్చాయి. వాటిలో మూడింటిని మూడు ప్రమాణాలతో పరిశీలిద్దాం. మొదటిది మన్నిక: వచ్చిన బలం నిలిచిందా? రెండోది కారణం: ఫలితానికి కారణమని చెబుతున్నది నిజంగా కారణమేనా? మూడోది భారం: ఆ మార్గానికి మూల్యం ఎవరు చెల్లించారు?

2. నియమాల చట్రం

వేతన పరిమితి 1994లో మొదలైంది. ఆ ఏడాది ఒక్కో జట్టుకు 3.46 కోట్ల డాలర్లు. 2024 నాటికి అది 25.54 కోట్ల డాలర్లకు చేరింది. కరోనా వల్ల ఆదాయం పడిపోయినప్పుడు 2021లో 18.25 కోట్లకు తగ్గింది కూడా. ఐపీఎల్ వేలంలో జట్లకు ఇచ్చే నిర్ణీత మొత్తం మీకు తెలిసినదే. 2025 సీజన్ కోసం అది జట్టుకు 120 కోట్ల రూపాయలు. ఆలోచన ఒకటే అయినా, అమెరికన్ ఫుట్‌బాల్‌లో అదనంగా రెండు అంశాలున్నాయి. అవి అర్థమైతేనే తర్వాతి చర్చ అర్థమవుతుంది.

మొదటి అంశం డ్రాఫ్ట్. కళాశాలల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్లను జట్లు ఏటా ఏడు రౌండ్లలో వంతులవారీగా ఎంచుకుంటాయి. గత ఏడాది అట్టడుగున ఉన్న జట్టుకు మొదటి వంతు. ఈ ఎంపిక హక్కులను జట్లు పరస్పరం మార్చుకోవచ్చు, ఇచ్చి ఆటగాళ్లను తెచ్చుకోవచ్చు. ఎంపికైన కుర్రాడి జీతం 2011 ఒప్పందం తర్వాత దాదాపుగా అతని వరుస సంఖ్యను బట్టే నిర్ణయమైపోతుంది. 2010లో మొదటి వంతులో ఎంపికైన శామ్ బ్రాడ్‌ఫర్డ్ కాంట్రాక్టు ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్లు, అందులో 5 కోట్లకు హామీ ఉంది. మరుసటి ఏడాది అదే స్థానంలో వచ్చిన క్యామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు దక్కింది సుమారు 2.2 కోట్లు. ఒక్క ఏడాదిలో వచ్చిన ఈ తేడా జట్ల ఆలోచననే మార్చివేసింది.

సియాటిల్ సీహాక్స్ ఉదాహరణ చూడండి. 2012లో మూడో రౌండులో, 75వ వంతులో క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌ను తీసుకుంది. నాలుగేళ్లకు అతని జీతం సుమారు 30 లక్షల డాలర్లు. ఆ స్థానంలో మిగిలిన డబ్బును జట్టంతటా పరచుకునే వీలు కలిగింది. 2014 ఫిబ్రవరిలో ఆ జట్టు డెన్వర్‌ను 43–8 తేడాతో ఓడించి ఛాంపియన్‌షిప్ పోటీ అయిన సూపర్ బౌల్ గెలిచింది.

రెండో అంశం బోనస్ లెక్క. సంతకం చేసినప్పుడు ఇచ్చే బోనస్ ఆటగాడి చేతికి ముందే అందుతుంది, పరిమితి లెక్కలో మాత్రం గరిష్ఠంగా ఐదేళ్లకు పంచి చూపవచ్చు. ఐదేళ్ల కాంట్రాక్టుకు 5 కోట్ల బోనస్ ఇచ్చారనుకుందాం. లెక్కలో ఏడాదికి 1 కోటి పడుతుంది. రెండేళ్లకే అతన్ని వదిలేస్తే మిగతా 3 కోట్లు ముందుకు జరిగి, అతను జట్టులో లేకపోయినా పరిమితిని తినేస్తాయి. దీన్ని అక్కడ డెడ్ మనీ అంటారు. అంటే పరిమితి మొత్తం అన్ని జట్లకూ ఒకటే అయినా, దాన్ని ముందుకు, వెనక్కు జరుపుకునే స్వేచ్ఛ ఉంది. వాడని మొత్తాన్ని వచ్చే ఏడాదికి మోసుకుపోవచ్చు, రాబోయే ఏళ్ల మొత్తాన్ని ఇప్పుడే వాడుకోవచ్చు. మూడు మార్గాల మధ్య భేదమంతా ఈ కాలం దగ్గరే ఉంది.

3. మొదటి మార్గం: కూల్చి కట్టడం

2016 జనవరిలో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ తన ఆట వ్యవహారాలను శాషి బ్రౌన్‌కు అప్పగించింది. బేస్‌బాల్‌లో గణాంకాల వాడకానికి పేరుపొందిన పాల్ డిపొడెస్టాను కూడా తెచ్చుకుంది. వారి పద్ధతి స్పష్టం. అనుభవజ్ఞులను వదులుకోవాలి, పరిమితిలో ఖాళీ పెంచుకోవాలి, ఎంపిక హక్కులను పోగుచేయాలి. ఫలితంగా 2016లో 16 మ్యాచ్‌లలో ఒక్కటి గెలిచారు, 2017లో ఒక్కటీ గెలవలేదు. 2018 జనవరిలో అభిమానులు గడ్డకట్టే చలిలో స్టేడియం చుట్టూ వ్యంగ్యంగా ‘పరిపూర్ణ సీజన్’ ఊరేగింపు తీశారు.

ఈ మార్గాన్ని సమర్థించేవారి వాదన ఇది: ఓటమి పెట్టుబడి. ఆ రెండేళ్లు ఓడినందువల్లే 2020లో జట్టు 11 గెలిచి, 2002 తర్వాత తొలిసారి ప్లేఆఫ్స్‌కు చేరి, పిట్స్‌బర్గ్‌ను 48–37తో ఓడించగలిగింది. వినడానికి సబబుగానే ఉంది. మన రెండో ప్రమాణంతో, అంటే కారణంతో, దీన్ని పరీక్షిద్దాం.

ఆ కాలంలో సమకూరిన ముఖ్యమైన ఆటగాళ్లు ఎలా వచ్చారు? 2017 మార్చిలో క్లీవ్‌లాండ్ హ్యూస్టన్ నుంచి బ్రాక్ ఆస్‌వైలర్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను, అతని 1.6 కోట్ల డాలర్ల జీతంతో సహా తీసుకుంది. ఆ భారం మోసినందుకు ప్రతిఫలంగా 2018 రెండో రౌండు ఎంపిక హక్కు దక్కింది. దానితో తెచ్చుకున్నవాడు నిక్ చబ్. అంటే అతను వచ్చింది పరిమితిలోని ఖాళీ వల్ల. డెన్జెల్ వార్డ్ సంగతి చూడండి. 2016 డ్రాఫ్ట్‌లో క్లీవ్‌లాండ్‌కు ఉన్న 2వ వంతు, కొత్త యాజమాన్యం రాకముందు 2015లో 3–13తో ఓడినందుకు వచ్చినది. దాన్ని ఫిలడెల్ఫియాకు ఇచ్చి పొందిన వాటిలో ఒకటి 2017లో 12వ వంతుగా తేలింది. దాన్ని హ్యూస్టన్‌కు ఇస్తే వచ్చిన హక్కు 2018లో 4వ వంతు అయింది, దానితో వార్డ్ వచ్చాడు. ఇది బేరసారాల గొలుసు. ఇక, 32 మ్యాచ్‌లలో 31 ఓడినందుకు నేరుగా వచ్చిన మొదటి వంతులు రెండు: 2017లో మైల్స్ గారెట్, 2018లో బేకర్ మేఫీల్డ్. గారెట్ నిస్సందేహంగా మేటి ఆటగాడు, 2023లో లీగ్ ఉత్తమ రక్షణ ఆటగాడిగా ఎంపికయ్యాడు. మేఫీల్డ్‌ను 2022లో మరో జట్టుకు పంపేశారు.

కాబట్టి ఈ మార్గంలో రెండు వేర్వేరు పనులు ఒకే పేరుతో కలిసిపోయాయని గుర్తించాలి. ఒకటి పొదుపు, రెండోది ఓటమి. పొదుపు పనిచేసింది. ఓటమి ఇచ్చినది తక్కువ, తీసుకున్నది ఎక్కువ. రెండో రౌండులో వచ్చిన డెషోన్ కైజర్ అనే కుర్రాడు 2017లో 15 మ్యాచ్‌లలో క్వార్టర్‌బ్యాక్‌గా బరిలోకి దిగాడు. చుట్టూ బలం లేని జట్టులో నేర్చుకోవడానికి అతనికి మిగిలింది ఓటమే. మరుసటి వసంతంలో అతన్నీ వేరే జట్టుకు ఇచ్చేశారు.

మన్నిక ప్రమాణంతో చూసినా ఈ మార్గం నిలవలేదు. ఓర్పు అవసరమని అభిమానులకు చెప్పిన యాజమాన్యమే ఓర్పు పట్టలేక 2017 డిసెంబర్‌లో శాషి బ్రౌన్‌ను తొలగించింది. 2022లో మూడు మొదటి రౌండు హక్కులను, మరికొన్నింటిని హ్యూస్టన్‌కు ఇచ్చి డెషాన్ వాట్సన్‌ను తెచ్చుకుంది. పూర్తి హామీతో అతనికి ఐదేళ్లకు 23 కోట్ల డాలర్లు రాసిచ్చింది. 2017లో క్లీవ్‌లాండ్ ఇచ్చిన 12వ వంతుతో హ్యూస్టన్ ఎంచుకున్నది ఈ వాట్సన్‌నే. చౌకగా దొరికే రోజున వదులుకున్నవాడిని ఐదేళ్ల తర్వాత అత్యంత ఖరీదుకు కొన్నారు. 2024లో జట్టు 3–14తో ముగించింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) డెడ్ మనీ ఎలా ఏర్పడుతుంది? ఒక లెక్కతో చూపండి.
(ఆ) నిక్ చబ్, మైల్స్ గారెట్ క్లీవ్‌లాండ్‌కు వచ్చిన దారుల్లో తేడా ఏమిటి?

4. రెండో మార్గం: రేపటిది నేడే వెచ్చించడం

లాస్ ఏంజెలిస్ రామ్స్ నడిచిన దారి ఇందుకు పూర్తిగా విరుద్ధం. 2017 నుంచి 2023 వరకు ఏడు డ్రాఫ్ట్‌లలో మొదటి రౌండులో ఒక్కరినీ ఎంచుకోలేదు. ఆ హక్కుల్లో చాలావాటిని ఇచ్చి పేరున్న ఆటగాళ్లను తెచ్చుకుంది. 2019లో జాలెన్ రామ్జీ కోసం రెండు మొదటి రౌండు హక్కులు ఇచ్చింది. 2021లో మాథ్యూ స్టాఫర్డ్ కోసం మరో రెండింటితో పాటు ఒక మూడో రౌండు హక్కునూ, తన క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్‌నూ డెట్రాయిట్‌కు ఇచ్చింది. అదే ఏడాది సీజన్ మధ్యలో వాన్ మిల్లర్‌ను తెచ్చుకుంది. 2022 ఫిబ్రవరిలో సిన్సినాటిని 23–20తో ఓడించి సూపర్ బౌల్ గెలిచింది. మరుసటి సీజన్‌లో 5–12తో కుప్పకూలింది.

దీన్ని ‘అప్పు చేసి పప్పుకూడు’ అని కొట్టివేయడం తేలిక. విమర్శకుడు ఇక్కడ ఆగి చూడాలి. ఆ సూపర్ బౌల్‌లో ఉత్తమ ఆటగాడు కూపర్ కప్ 2017లో మూడో రౌండులో వచ్చినవాడు. రక్షణకు వెన్నెముక అయిన ఆరన్ డొనాల్డ్ 2014లో రామ్స్ జట్టే మొదటి రౌండులో ఎంచుకున్నవాడు. అంటే, ఎంపిక హక్కులను లెక్కచేయని జట్టుగా పేరుపడ్డ రామ్స్ మొదటి రౌండు హక్కులను వదులుకుంటూనే కింది రౌండ్లను జాగ్రత్తగా వాడుకుంది. 2022 పతనంలో స్టాఫర్డ్, కప్, డొనాల్డ్ గాయపడి మ్యాచ్‌లకు దూరమైన సంగతినీ మరవరాదు. 2023లో రామ్జీని వదులుకుని, డెడ్ మనీ భారాన్ని మింగి కూడా ఆ జట్టు 10–7తో ప్లేఆఫ్స్‌కు చేరింది. ఆ ఏడాది ఐదో రౌండులో వచ్చిన పుకా నకువా 105 క్యాచ్‌లు, 1,486 గజాలతో కొత్త ఆటగాళ్ల రికార్డులు రెండింటినీ తిరగరాశాడు.

అందువల్ల ఈ మార్గం మన్నిక పరీక్షలో పూర్తిగా తప్పలేదు. దీని బలహీనత వేరే చోట ఉంది. అప్పు తీర్చవలసిన ఏడాదిలో గాయాలు తగిలితే, ఆ ఓటమి లాభం కూడా సొంత జట్టుకు రాదు. 2022లో రామ్స్ ఓడినందువల్ల 2023 డ్రాఫ్ట్‌లో వచ్చిన 6వ వంతు డెట్రాయిట్ చేతిలో ఉంది. డెట్రాయిట్ దాన్ని అరిజోనాకు ఇచ్చి, ప్రతిఫలంగా వచ్చిన వంతులతో జమీర్ గిబ్స్‌ను, శామ్ లపోర్టాను ఎంచుకుంది. ఒక జట్టు ఓటమి మరో జట్టుకు పునాది రాయి అయింది.

5. మూడో మార్గం: ఉన్నవారితో నిలిపి కట్టడం

2021లో డెట్రాయిట్ లయన్స్‌కు జనరల్ మేనేజర్‌గా బ్రాడ్ హోమ్స్, కోచ్‌గా డాన్ క్యాంప్‌బెల్ వచ్చారు. హోమ్స్ అంతకుముందు రామ్స్‌లో కళాశాల ఆటగాళ్లను పరిశీలించే విభాగానికి అధిపతి. స్టాఫర్డ్‌ను ఇచ్చి వారు పొందినది ఎంపిక హక్కులను, వాటితో పాటు 2019లో నాలుగేళ్లకు 13.4 కోట్ల డాలర్ల పొడిగింపు పొందిన గాఫ్‌ను. రామ్స్ వద్దనుకున్న ఆటగాడు అతడు.

ఇక్కడే క్లీవ్‌లాండ్‌తో సూటిగా పోల్చడానికి వీలుంది. ఇతరులకు బరువైన క్వార్టర్‌బ్యాక్ కాంట్రాక్టును తీసుకుని, దానితో పాటు ఎంపిక హక్కులు పొందడం రెండు జట్లూ చేసిన పనే. క్లీవ్‌లాండ్ ఆస్‌వైలర్‌ను సీజన్ మొదలయ్యేలోపే వదిలేసింది. దాని దృష్టిలో అతని జీతం రెండో రౌండు హక్కుకు చెల్లించిన ధర. డెట్రాయిట్ గాఫ్‌ను ఆడించింది, అతని చుట్టూ రక్షణ గోడ కట్టింది. 2021లో మొదటి రౌండులో తీసుకున్న పెనే సూల్ క్వార్టర్‌బ్యాక్‌ను కాచే వరుసలో ఆడేవాడు. అయితే ఇద్దరు ఆటగాళ్లూ సమానులు కారు. గాఫ్ అంతకుముందే రామ్స్‌ను సూపర్ బౌల్ దాకా నడిపించినవాడు. కాబట్టి తేడా అంతా యాజమాన్యం గొప్పతనమేనని తేల్చడం సరికాదు. అయినా ఎవరినైనా ఆడించి చూడకముందే ధరగా లెక్కించే అలవాటు ఉన్న చోట, గాఫ్ లాంటివాడు వచ్చినా గుర్తించడం కష్టం.

డెట్రాయిట్ కూడా ఓడింది. 2021లో 3–13–1. 2022లో మొదటి ఏడు మ్యాచ్‌లలో ఆరు ఓటములు. క్యాంప్‌బెల్ చేతిలో అప్పటికి 24 మ్యాచ్‌లకు నాలుగే విజయాలు. అయినా అతన్ని తొలగించలేదు. ఆ తర్వాతి పది మ్యాచ్‌లలో జట్టు ఎనిమిది గెలిచింది. 2023లో 12–5తో నిలిచి, 2024 జనవరిలో ప్లేఆఫ్స్‌లో 24–23తో గెలిచింది. 32 ఏళ్లలో డెట్రాయిట్‌కు అదే తొలి ప్లేఆఫ్ విజయం. ఓడిన జట్టు స్టాఫర్డ్ నడిపిన రామ్స్. ఆ తర్వాతి సీజన్‌లో 15–2 సాధించింది, ప్లేఆఫ్స్‌లో వాషింగ్టన్ చేతిలో సొంత మైదానంలోనే ఓడింది.

రామ్స్‌కు ఆ కాలంలో ట్రోఫీ ఉంది, డెట్రాయిట్‌కు లేదు. ఈ వాస్తవాన్ని పక్కన పెట్టి మూడో మార్గాన్ని ఆకాశానికెత్తడం విమర్శ కాదు. పైగా ఇప్పుడు ఆ జట్టుకూ బిల్లు వస్తోంది. నాలుగో రౌండులో చౌకగా వచ్చిన అమన్-రా సెయింట్ బ్రౌన్‌కు 2024లో నాలుగేళ్లకు 12 కోట్ల డాలర్లు, గాఫ్‌కు నాలుగేళ్లకు 21.2 కోట్లు రాసివ్వవలసి వచ్చింది. చౌక ఏళ్లు ఎవరికైనా నాలుగే.

6. తులనాత్మక విమర్శ

మూడు మార్గాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే వాటి పేర్లు మనల్ని తప్పుదారి పట్టిస్తున్నాయని తెలుస్తుంది. ‘ఓర్పు’, ‘దూకుడు’, ‘సంస్కృతి’ అని పేర్లు పెట్టి, వాటిలో ఏది గొప్పదని వాదించడం వ్యర్థం. మూడింటిలోనూ గెలుపు తెచ్చినది ఒకటే: తన ఆటకు తగిన దానికంటే తక్కువ జీతంతో ఆడుతున్న ఆటగాడు. క్లీవ్‌లాండ్‌కు చబ్, రామ్స్‌కు కప్, నకువా, డెట్రాయిట్‌కు సెయింట్ బ్రౌన్. వీరిలో ఒక్కరూ మొదటి రౌండులో వచ్చినవారు కారు. అట్టడుగున నిలిస్తేనే ఇలాంటివారు దొరుకుతారన్న మాట నిలవదు. వారిని గుర్తించే కన్ను, ఆడించి పెంచే ఓపిక కావాలి.

డెడ్ మనీ ఉంటే జట్టు మునిగిపోతుందన్న మాట కూడా పూర్తి నిజం కాదు. సియాటిల్‌లో చౌకగా ఆడిన రసెల్ విల్సన్‌నే తర్వాత డెన్వర్ భారీ ధరకు తెచ్చుకుంది. 2024లో అతన్ని వదిలేసినప్పుడు రెండేళ్ల లెక్కలో 8.5 కోట్ల డాలర్ల డెడ్ మనీ పడింది. ఆ ఏడాదే డెన్వర్, 12వ వంతులో వచ్చిన బో నిక్స్ అనే కొత్త క్వార్టర్‌బ్యాక్‌తో 10–7 సాధించి ప్లేఆఫ్స్ ఆడింది. ఆ బరువును మోసింది మళ్లీ ఒక కుర్రవాడి తక్కువ జీతమే.

7. భారం ఎవరిది?

ఇప్పుడు మూడో ప్రమాణం. జట్ల వ్యూహాలపై సాగే చర్చల్లో ఇది తరచుగా కనిపించదు. డ్రాఫ్ట్‌లో ఎంపికైన కుర్రాడు ఏ జట్టుకు ఆడాలో తాను నిర్ణయించుకోలేడు. మూడు సీజన్లు ముగిసేదాకా కొత్త కాంట్రాక్టు అడగలేడు. నకువా రికార్డులు సృష్టించిన ఏడాది అతను ఆడుతున్న కాంట్రాక్టు నాలుగేళ్లకు సుమారు 40 లక్షల డాలర్లు. సామాన్యుడికి అది పెద్ద మొత్తమే. కానీ శరీరాలు ఢీకొనే ఈ ఆటలో ఒక్క గాయంతో జీవనాధారం ముగిసిపోవచ్చు, చాలా కాంట్రాక్టులకు పూర్తి హామీ ఉండదు. చబ్ 2023లో తీవ్రంగా గాయపడ్డ మోకాలితో ఆ సీజన్ కోల్పోయాడు.

2011 ఒప్పందానికి ఆటగాళ్ల సంఘం అంగీకరించిన మాట నిజం. అయితే సంతకం చేసింది అప్పటికే ఆడుతున్నవారి సంఘం. జీతం తగ్గింది ఇంకా లీగ్‌లోకి రానివారికి. చర్చకు హాజరు కాలేనివారిపై భారం మోపడం ఎక్కడైనా తేలికే. వేతన పరిమితి జట్ల మధ్య సమానత్వం తెచ్చిందనడంలో సందేహం లేదు. ఆ సమానత్వానికి రుసుము కట్టింది మాత్రం ఎక్కువగా తొలి నాలుగేళ్ల ఆటగాళ్లు. కూల్చి కట్టే మార్గం వారిపై ఇంకో బరువు కూడా వేస్తుంది: గెలవాలన్న ఉద్దేశం లేని జట్టులో, ఉన్న కొద్ది ఏళ్లనూ గడపవలసి రావడం. ఈ కారణంగానే మూడు మార్గాల్లో అది అన్నిటికంటే బలహీనమైనదని ఈ పాఠం అభిప్రాయం. డెట్రాయిట్ మార్గానికి ఉన్న మెరుగు కూడా ఇక్కడే. ఓడుతున్న రోజుల్లోనూ ఆ జట్టు తన ఆటగాళ్లను రేపటి బేరానికి సరుకుగా చూడలేదు, చౌకగా వచ్చినవాడికి గడువు రాగానే తగిన ధర చెల్లించింది.

8. సారాంశం

వేతన పరిమితి మొత్తాన్ని కట్టడి చేస్తుంది, దాన్ని ఏ ఏడాది వాడాలన్నది జట్టుకే వదిలేస్తుంది. క్లీవ్‌లాండ్ నేటిని రేపటికి దాచింది, రామ్స్ రేపటిని నేడు వాడింది, డెట్రాయిట్ రెండింటి నడుమ నిలిచి ఉన్నవారితో కట్టుకుంది. పొదుపునూ ఓటమినీ వేరుచేసి చూసినప్పుడు, ఓటమి పెట్టుబడి అన్న వాదన బలహీనపడుతుంది. ప్రతి మార్గంలోనూ విజయం తక్కువ జీతపు యువ ఆటగాళ్లపై ఆధారపడింది. కాబట్టి ఒక మార్గాన్ని మెచ్చుకునే ముందు, దాని మూల్యం ఎవరు కట్టారో అడగాలి.

మాదిరి ప్రశ్నలు

1. ‘ఓటమి పెట్టుబడి’ అన్న వాదనను క్లీవ్‌లాండ్ ఉదాహరణతో విమర్శించండి.
2. ఆస్‌వైలర్, గాఫ్ బదిలీలను పోల్చండి. ఆ పోలికకు ఉన్న పరిమితి ఏమిటి?
3. ఈ పాఠం చేసిన తీర్పుతో మీరు ఏకీభవిస్తారా? ట్రోఫీనే ఏకైక ప్రమాణంగా తీసుకుంటే తీర్పు ఎలా మారుతుందో చర్చించండి.
4. మీకు తెలిసిన ఒక ఐపీఎల్ జట్టును ఎంచుకుని, మన్నిక, కారణం, భారం అనే మూడు ప్రమాణాలతో దాని పునర్నిర్మాణాన్ని పరిశీలిస్తూ రెండు పుటల వ్యాసం రాయండి.